తెర కన్నా ముందు చెవి
(చెల్పూర్‌లో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



స్మారకోపన్యాసాలు పండితుల పేరిట, నాయకుల పేరిట జరగడం మన దగ్గర ఆనవాయితీ. పెళ్లిళ్లకు, పండుగలకు, బోనాలకు మైకుసెట్టు పెట్టి, రికార్డులు వేసి బతికిన ఒక మనిషి జ్ఞాపకంగా ఒక ఊరు ఉపన్యాసం పెట్టించడం నేనెక్కడా వినలేదు. ఆయన పేరు అచ్చులో వేయవద్దని కుటుంబం కోరింది. ఆ కోరికను మన్నిస్తున్నాను. ఇక్కడ కూర్చున్నవాళ్లకు ఆ పేరు నేను చెప్పనవసరం లేదు. మీ తాతలూ అమ్మమ్మలూ ఎవరి పాట ఏ సినిమాలోదో ఎరిగింది చాలావరకు ఆయన ప్లేట్ల వల్లనే అని మీరే నాకు చెప్పారు. ఆయన పెట్టెలో మిగిలినవాటిలో 'లవకుశ' ప్లేట్లు ఉన్నాయి. ఈ రోజు నేను మాట్లాడబోయేది ప్రధానంగా వాటి గురించి, అవి విన్న చెవుల గురించి.

ఒక సినిమా పాటలన్నిటినీ, సినిమాను పక్కనబెట్టి, విడిగా వినడం అంటే ఏమిటి? సినిమా చూసొచ్చినవాడు ఆ ఆనందాన్ని ఇంట్లో మళ్లీ నెమరేసుకోవడానికి రికార్డు కొంటాడని, కాబట్టి రికార్డు సినిమాకు ఒక జ్ఞాపిక అని సాధారణంగా అనుకుంటాం. సంగీత చిత్రాలకు పేరుపడ్డ హాలీవుడ్‌లో అది కొంతవరకు నిజమే కావచ్చు. మన పల్లెల విషయంలో అది తలకిందులుగా ఉందని నా వాదం. ఇక్కడ పాట ముందు వచ్చింది, సినిమా తర్వాత వచ్చింది. చాలామందికి సినిమా రానేలేదు. కథను చెవితో అందుకుని మనసులో కట్టుకునే అలవాటు ఈ నేలకు ఏడెనిమిది వందల ఏళ్లకు తక్కువ కాకుండా ఉంది. గ్రామఫోను ప్లేటు ఆ అలవాటుకు దొరికిన కొత్త పనిముట్టు. ఆ పనిముట్టు మనకు చాలా ఇచ్చింది. కొంత తీసుకుపోయింది కూడా. రెండూ చెప్పాలి.

మనకు దగ్గరి సాక్ష్యంతోనే మొదలుపెడతాను. ఇప్పుడు జనగామ జిల్లాలో ఉన్న పాలకుర్తికి చెందిన పాల్కురికి సోమనాథుడు 'పండితారాధ్య చరిత్ర'లో శివరాత్రికి శ్రీశైలం వెళ్లే భక్తులు పాడుకునే పాటలను పేరుపేరునా చెప్పాడు. తుమ్మెద పదాలు, ప్రభాత పదాలు, పర్వత పదాలు, ఆనంద పదాలు, శంకర పదాలు, నివాళి పదాలు, వాలేశు పదాలు, గొబ్బి పదాలు, వెన్నెల పదాలు. ఆ జాబితాను సాహిత్య చరిత్రకారులు దేశి కవితకు ఆధారంగా చూపుతారు. నాకు అది శ్రోతల గురించిన ఆధారంగా కూడా కనిపిస్తుంది. ఇన్ని రకాల పాటలకు పేర్లున్నాయంటే, వినగానే ఇది ఫలానా రకమని గుర్తుపట్టే జనం ఉన్నారన్నమాట. సోమనాథుడు తన కావ్యాలకు ద్విపదను ఎంచుకున్నది ఆ జనం కోసమే. బమ్మెర పోతన ఊరు కూడా అక్కడికి దగ్గరే. ఆయన పద్యాలు చదువురాని ఇళ్లలోకి వెళ్లింది కళ్ల గుండా కాదు.

ఇక ఉత్తర రామాయణ కథ. 13వ శతాబ్దంలో తిక్కన 'నిర్వచనోత్తర రామాయణం' రాశాడు, తర్వాతి కాలంలో కంకంటి పాపరాజు రాశాడు. పండితులు వాటిని చదివారు. ఇంట్లో ఆడవాళ్లు మాత్రం కుశలాయకం పాడుకున్నారు, కుశలవుల యుద్ధం పాడుకున్నారు. విసురురాయి దగ్గర, ఉయ్యాల దగ్గర సీత కష్టం ఒక గొంతు నుంచి ఇంకో గొంతుకు దిగుతూ వచ్చింది. బయట చావడి దగ్గర చిందు భాగవతులు యక్షగానం ఆడారు, ఒగ్గు పూజారులు డోలు మీద బీరప్ప కథ, ఎల్లమ్మ కథ చెప్పారు. అడవి వైపు వెళ్తే కోయ డోలీలు పడిగె ఎత్తి సమ్మక్క కథ పాడారు. జనగామ ప్రాంతంలోని మాణిక్యపురానికి చెందిన చుక్క సత్తయ్య ఒగ్గుకథను దేశమంతటా వినిపించాడు. అదే జిల్లాకు చెందిన చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. ఇవన్నీ చూసే కళలు కూడా అని నాకు తెలుసు. రంగు ఉంటుంది, గజ్జె ఉంటుంది, కిరీటం ఉంటుంది. అయినా రాత్రి రెండో జాముకు దివిటీ వెలుగులో వెనక వరసలో కూర్చున్నవాడికి కనిపించేది ఎంత? అతను కథను వింటూనే కూర్చున్నాడు. వింటున్నానని ఊ కొడుతూ కూర్చున్నాడు. ఆ ఊ గురించి మళ్లీ చెప్తాను.

అసలు రామాయణమే ఇలా మొదలవుతుంది. ఇరవైనాలుగు వేల శ్లోకాల కావ్యాన్ని వాల్మీకి ఇద్దరు పిల్లలకు నేర్పి పాడించాడు. బాలకాండ నాలుగో సర్గలో ఆ పిల్లలు అయోధ్య వీధుల్లో పాడుతుంటే రాముడు విని ఇంటికి పిలిపిస్తాడు, తమ్ముల్ని కూర్చోబెట్టి వినమంటాడు. పాట సాగుతుండగా తాను కూడా మెల్లగా సభలో ఒకడైపోతాడు. రాజు గద్దె మీది నుంచి వినడం మాని, దిగి వచ్చి వినేవాళ్లలో కలిసిపోయాడని వ్యాఖ్యాతలు చెప్తారు. తన కథను తానే వింటున్నాడు, పాడుతున్నవాళ్లు తన కొడుకులని ఎరగడు. మన తొలి కావ్యంలో నాయకుడు శ్రోత కూడా. ఈ సంగతి పక్కన ఉంచుకుని, ఇప్పుడు యంత్రం వైపు వెళ్దాం.

1902 నవంబరులో గ్రామఫోను కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో గౌహర్ జాన్ పాటను ముద్రించాడు. 1908 నాటికి అక్కడే సియాల్దాలో రికార్డులు అచ్చువేసే ఫ్యాక్టరీ వచ్చింది. ఆ ప్లేటు దేనితో చేశారో ఒకసారి ఆలోచించండి. లక్కతో. మోదుగ, కుసుమ, రేగు చెట్ల కొమ్మల మీద లక్క పురుగు పెట్టే గూడు నుంచి తీసిన పదార్థమది. ప్రపంచానికి కావలసిన లక్కలో పెద్ద వాటా భారతదేశపు అడవులదే. న్యూయార్కులో ఒక సంగీత నాటకం పాటలు ముద్రించినా, మద్రాసులో హరిశ్చంద్ర పద్యాలు ముద్రించినా, ముల్లు కింద తిరిగింది చాలాకాలం మన అడవి సరుకే. రెండో ప్రపంచ యుద్ధంలో లక్క కొరత వచ్చినప్పుడు పాత ప్లేట్లను తిరిగి కరిగించుకోవలసి వచ్చింది.

గ్రామఫోను పెట్టెకు కరెంటు అక్కర్లేదు. కీ తిప్పితే లోపలి స్ప్రింగు నడిపించేది. ఈ రోజు ఇక్కడి కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం రెండు దశల్లో కలిపి 1100 మెగావాట్ల శక్తి గలది. ఈ ఊరి పేరు చెప్తే రాష్ట్రమంతటా గుర్తొచ్చేది ఆ పొగగొట్టాలే. గ్రామఫోను పల్లెలకు వచ్చింది మాత్రం కరెంటు తీగ కన్నా ఎంతో ముందు. మొదట డబ్బున్న ఇళ్లకు, గడీలకు వచ్చింది. 10 అంగుళాల ప్లేటు, నిమిషానికి 78 చుట్లు, ఒక్కో ముఖానికి కాస్త అటూ ఇటూగా మూడు నిమిషాల పైచిలుకు పాట. ఈ కొలత చాలా పెద్ద విషయం. రాత్రంతా సాగే కథ మూడు నిమిషాల ముక్కలుగా కోసుకోవలసి వచ్చింది. పద్యం ముందు చేసే ఆలాపన తగ్గింది. ఒన్స్‌మోర్ పోయింది. పల్లవి, రెండు చరణాలు, వాటి మధ్య వాద్యాల ముక్కలు, ఇంతే. మనం ఈ రోజు పాట అనగానే అంచనా వేసుకునే నిడివి అక్కడ స్థిరపడిందే.

మొదట అచ్చయిన తెలుగు ప్లేట్లలో కచేరీ కీర్తనలతో పాటు నాటక పద్యాలకూ మంచి గిరాకీ ఉండేది. కపిలవాయి రామనాథశాస్త్రి గొంతు ఆయన నాటకం చూడని ఊళ్లకు కూడా ప్లేటు మీద వెళ్లింది. హెచ్.ఎం. రెడ్డి 'భక్త ప్రహ్లాద' 1932లో వచ్చాక సినిమా పాట ఆ దారిలోనే నడిచింది. 1943లో కె.వి. రెడ్డి తొలిసారి దర్శకత్వం వహించిన 'భక్త పోతన'లో చిత్తూరు నాగయ్య నటించి, పాడారు. మన పక్క ఊరి కవి కథ మద్రాసు స్టూడియోలో తయారై, కలకత్తాలో అచ్చయిన ప్లేట్ల మీద తిరిగి మన ఊళ్లకు చేరింది. దాంతో పాటు హాలు దగ్గర అమ్మే పాటల పుస్తకం ఒకటి ఉండేది. నాలుగు పేజీల్లో పాటలు, ముందు సగం వరకు కథ. మిగతాది తెర మీద చూడమనేవాళ్లు. చదువు వచ్చిన పిల్లవాడు పుస్తకం పట్టుకుని చదివితే, ప్లేటు పాడితే, పది ఇళ్లవాళ్లు చుట్టూ కూర్చుని మిగతా కథ తామే అల్లుకునేవాళ్లు.

ఇదే కాలంలో అమెరికాలో జరిగినది వేరు. 1943లో బ్రాడ్‌వే మీద 'ఓక్లహోమా' ఆడుతున్నప్పుడు డెక్కా కంపెనీ ఆ నటులతోనే పాటలు పాడించి, ప్లేట్లను పుస్తకంలా కుట్టిన సంచుల్లో పెట్టి అమ్మింది. నాటకశాలకు వెళ్లలేని కుటుంబం ఇంట్లో కూర్చుని నాటకాన్ని వినవచ్చు. 1948లో కొలంబియా కంపెనీ నిమిషానికి 33 చుట్లు తిరిగే ఎల్పీ తెచ్చాక ముఖానికి ఇరవై నిమిషాలకు పైగా చోటు దొరికింది. ఒక నాటకమో సినిమానో ఒక్క ప్లేటులో పట్టింది. 'సౌత్ పసిఫిక్' సినిమా రికార్డు 1958 నవంబరు నుంచి బ్రిటన్‌లో వరసగా 70 వారాలు అమ్మకాల్లో మొదటి స్థానంలో నిలిచింది. 1965లో రాబర్ట్ వైజ్ తీసిన 'ద సౌండ్ ఆఫ్ మ్యూజిక్' రికార్డు ఇంగ్లీషు మాట్లాడని దేశాలకు కూడా వెళ్లింది. మన నగరాల్లోని కాన్వెంటు బళ్లలో పిల్లలకు పడమటి స్వరాల పేర్లు నేర్పింది అందులోని పాటే.

ఆ రికార్డు గురించి రెండు సంగతులు చెప్తాను. మన వాదానికి అవి పనికొస్తాయి.

మొదటిది వరస. రిచర్డ్ రాడ్జర్స్, ఆస్కర్ హామర్‌స్టీన్ ఆ పాటలను 1959 నాటి నాటకానికి కట్టారు. మరుసటి ఏడే హామర్‌స్టీన్ కన్నుమూశాడు. సినిమాకు కావలసిన రెండు కొత్త పాటలకు రాడ్జర్స్ తానే మాటలు కూడా రాసుకున్నాడు. ఎల్పీ మీద పాటలు సినిమాలో వచ్చిన వరసలో లేవు. మఠాధిపతి కొండలెక్కమని చెప్పే పాట సినిమాలో విశ్రాంతి తర్వాత వస్తుంది. ప్లేటులో అది తొలి ముఖం చివర ఉంటుంది. రెండో ముఖం కూడా మళ్లీ దానితోనే ముగుస్తుంది. పిల్లలకు స్వరాలు నేర్పే పాట రెండో ముఖానికి జరిగింది. రికార్డు కూర్చినవాళ్లకు తెర వరస కన్నా చెవి వరస ముఖ్యమైంది. చూడడానికి కట్టిన కథను వినడానికి తిరిగి కట్టాలని వాళ్లు గ్రహించారు.

రెండోది పేరు. 'ద కింగ్ అండ్ ఐ'లో డెబరా కెర్‌కు, 'వెస్ట్ సైడ్ స్టోరీ'లో నటాలీ వుడ్‌కు, 'మై ఫెయిర్ లేడీ'లో ఆడ్రీ హెప్‌బర్న్‌కు పాడింది మార్నీ నిక్సన్ అనే ఒక్క గాయని. ఆ సంగతి బయటికి రాకూడదని స్టూడియోలు కోరుకున్నాయి. 'వెస్ట్ సైడ్ స్టోరీ' రికార్డు ఆదాయంలో ఆమెకు వాటా ఇవ్వకపోతే, స్వరకర్త లెనార్డ్ బెర్న్‌స్టీన్ తన వాటాలోంచి కొంత ఇచ్చాడు. 'ద సౌండ్ ఆఫ్ మ్యూజిక్'లో ఆమె మొదటిసారి తన ముఖంతో, తన గొంతుతో ఒక సన్యాసిని పాత్రలో కనిపించింది. మన దేశం కూడా మొదట్లో ఇంతకన్నా ఉదారంగా ఏమీ లేదు. 1949 నాటి 'మహల్' హిందీ సినిమా పాట ప్లేటు మీద లతా మంగేష్కర్ పేరు లేదు, పాత్ర పేరు కామిని అని వేశారు. ఎవరు పాడారని జనం రేడియోను అడగడం మొదలుపెట్టాక గానీ పరిస్థితి మారలేదు. తెర మనిషిని దాచింది, ప్లేటు మీది చిన్న గుండ్రటి కాగితం బయటపెట్టింది. శ్రోత అడిగిన ప్రశ్న వల్ల బయటపెట్టింది.

ఇప్పుడు 'లవకుశ'. ఆ కథ తెలుగులో రెండుసార్లు ప్రసిద్ధమైంది. 1934లో సి. పుల్లయ్య కలకత్తాలో ఈస్ట్ ఇండియా ఫిల్మ్ కంపెనీకి తీశాడు. పారుపల్లి సుబ్బారావు రాముడు, శ్రీరంజని సీత. నేపథ్య గానం ఇంకా రాని రోజులు, నటులే పాడారు. రెండోది 1963 మార్చిలో విడుదలైంది. పూర్తి నిడివి తెలుగు రంగుల చిత్రాల్లో మొదటిది. దాన్ని కూడా పుల్లయ్యే మొదలుపెట్టాడు. డబ్బు అందక షూటింగు ఏళ్ల తరబడి ఆగింది, తర్వాత ఆయన కొడుకు సి.ఎస్. రావు పూర్తిచేశాడు. ఎన్.టి. రామారావు, అంజలీదేవి, లక్ష్మణుడిగా కాంతారావు. వాల్మీకిగా నాగయ్య, అంటే ఇరవై ఏళ్ల కిందటి మన పోతనే. సంగీతం ఘంటసాల. పాటలూ పద్యాలూ కలిపితే ముప్పైకి పైనే. సినిమాను రాసినవాళ్లకు, స్వరపరిచినవాళ్లకు హాలీవుడ్ నమూనా అవసరం లేకపోయింది. పద్యనాటకం, హరికథ, ఇంటి పాట, ఈ మూడూ వాళ్ల చేతిలో ముందే ఉన్నాయి.

తెర మీద చూసినప్పుడు లవుడు, కుశుడు పాడుతున్నారు. ఇద్దరు చిన్నపిల్లలు, నెత్తిన ముడులు, చేతిలో వాద్యాలు. కన్ను ఆ పిల్లల మీద నిలిచిపోతుంది. అదే పాటను ప్లేటు మీద వినండి. ఇద్దరు ఆడవాళ్లు పాడుతున్నారు. కేరళలో పుట్టిన పి. లీల, విజయనగరంలో పుట్టిన పి. సుశీల. అప్పటికి ఇద్దరికీ ముప్పై ఏళ్లు దగ్గరపడుతున్నాయి. రెండు గొంతులూ ఒక్కటిగా నడుస్తాయి, అక్కడక్కడ విడివడి మళ్లీ కలుస్తాయి. లీల గొంతులో కర్ణాటక సాధన తెచ్చిన బిగువు ఉంటుంది, సుశీల గొంతులో పలుకు తేట ఎక్కువ. తెర మీద ఈ తేడా పట్టుబడదు, పట్టుబడకూడదు కూడా. వినేవాడికి మాత్రం ఇంకొకటి జరుగుతుంది. సీత కథను ఆడగొంతులు చెప్తున్నాయి. కుశలాయకం పాడిన అమ్మమ్మ గొంతుకు అది చాలా దగ్గర. సినిమా పిల్లల నోట పెట్టిన కథను ప్లేటు తిరిగి ఆడవాళ్లకు అప్పగించిందని నాకు అనిపిస్తుంది. ఈ ప్రాంతంలో ముసలివాళ్లు ఆ పాటలను భక్తి పాటల్లో కాకుండా ఆడబిడ్డ పాటల్లో కలిపి చెప్పుకోవడానికి కారణం ఇదే కావచ్చు.

ఇంకో సంగతి. ఆ సినిమాలో పిల్లలు రామకథను ఒక్కసారిగా చెప్పరు. దశలు దశలుగా, వేర్వేరు పాటల్లో చెప్తారు. ప్రతిసారీ ముందుగా చేసేది వినమని జనాన్ని పిలవడం. థియేటర్లో ఆ పిలుపు అయోధ్య ప్రజలకు. ప్లేటు మీద అయోధ్య లేదు. ఆ పిలుపు నేరుగా మీకు వస్తుంది. పందిరి కింద కూర్చున్న చెల్పూర్ రైతుకు వస్తుంది. వాల్మీకి రాముడు గద్దె దిగి వినేవాళ్లలో కలిసినట్టు, ఇక్కడ పందిరి కింద పెళ్లిపెద్దా, వంటవాడూ, డప్పు కొట్టే మనిషీ ఒక్క పిలుపుకు చెవి ఒగ్గారు. పాట మధ్యలో ముఖం అయిపోతే ప్లేటు తిప్పాలి, ముల్లు మార్చాలి. ఆ కాస్త ఎడంలో కథ తెలిసినవాడు తర్వాతిది పక్కవాడికి చెప్పేస్తాడు. సినిమా ఆ అవకాశం ఇవ్వదు.

ప్లేటు వల్ల జరిగిన నష్టం కూడా ఈ సినిమాలోనే ఉంది. రేలంగి, గిరిజ నటించిన చాకలి దంపతుల పాటను గుర్తు తెచ్చుకోండి. విడిగా వింటే హుషారైన మొగుడూ పెళ్లాల తగవు. పెళ్లిళ్లలో దానికి ఎంతో గిరాకీ. సినిమాలో ఆ తగవులో దొర్లిన మాటే సీతను అడవికి పంపుతుంది. ప్లేటు ఆ ముందూ వెనకా కోసేసింది. నవ్వు మిగిలింది, దాని ఖరీదు పోయింది. పైగా నింద మోసిన కులం పేరు ఆ నవ్వులో అలాగే ఉండిపోయింది. విడిగా వినడంలో ఉన్న ఈ ప్రమాదాన్ని నా వాదం దాచకూడదు. కథ ఎరిగిన చెవికి ప్లేటు నిండుగా ఉంటుంది. ఎరగని చెవికి అది ఒక ముక్క మాత్రమే.

ఇందాక ఊ గురించి చెప్తానన్నాను. ఒగ్గుకథలో, బుర్రకథలో వంతపాడేవాళ్లు ఉంటారు. కథకుడు జనం ముఖం చూసి కథ పెంచుతాడు, తగ్గిస్తాడు, ఆ ఊరి పెద్దనో ఆ ఏటి కరువునో అందులోకి లాగుతాడు. ప్లేటుకు జనం ముఖం తెలియదు. ఎన్నిసార్లు వేసినా అదే చోట అదే గమకం. మైకుసెట్టు చవగ్గా దొరకడం మొదలైనాక పెళ్లికి, పండుగకు కథ చెప్పించుకునే ఇళ్లు తగ్గిపోయాయి. ఆ కళల మీదే బతికిన కులాల వాళ్లు వేరే పనులు వెతుక్కున్నారు. ఈ సభ జరుపుకుంటున్న వృత్తి వాళ్ల వృత్తిని కొంత తిన్నది. ఇది ఎవరి తప్పని నేను అనడం లేదు. వాళ్లను తలచుకోకుండా ఈ ఉపన్యాసం పూర్తికాదని మాత్రం అంటున్నాను.

అయితే ప్లేటు ఎక్కని పాట కూడా ఊరుకోలేదు. 1940లలో జనగామ, నల్లగొండ పల్లెల్లో దొరల మీద సాగిన పోరాటంలో యాదగిరి కట్టిన బండి పాట ఏ కంపెనీ ముద్రించకుండానే ముప్పై ఏళ్లకు పైగా నోటి మీద బతికింది. 1979 నాటి 'మా భూమి'లో గద్దర్ పాడాక ఆ పాట సినిమాకూ, రికార్డుకూ ఎక్కింది. సినిమా నుంచి ఊరికి వచ్చే దారి ఒక్కటే లేదు, ఊరి నుంచి సినిమాకు వెళ్లే దారి కూడా ఉంది.

ప్రభుత్వం కూడా ఒకప్పుడు ఈ చెవిని సంస్కరించాలనుకుంది. 1952లో సమాచార మంత్రిగా వచ్చిన బి.వి. కేస్కర్ హయాంలో ఆకాశవాణి సినిమా పాటలను దాదాపు మానేసింది. జనం రేడియో సిలోన్ వైపు తిప్పుకున్నారు. మీనాక్షి పొన్నుదురై తెలుగు ప్రకటనలు అలా ప్రసిద్ధమయ్యాయి. 1957 అక్టోబరు 3న వివిధ భారతి వచ్చేదాకా ఆ పట్టుదల సాగింది. అదే ఏడు మార్చిలో వచ్చిన 'మాయాబజార్' పాటల కోసం మన ఇళ్లలో సిలోన్ పట్టుకోవడానికి తీగలు కట్టారు. ఆ సినిమాకు ఎస్. రాజేశ్వరరావు కొన్ని బాణీలు కట్టి తప్పుకుంటే ఘంటసాల పూర్తిచేశాడు. ఎవరిది ఏ పాట అన్న చర్చ ఇప్పటికీ సాగుతోందంటే ఆ చర్చ చేస్తున్నవాళ్లు చెవితో చూసినవాళ్లే.

రేడియో వరస రేడియోవాళ్లది. మైకుసెట్టు వరస మాత్రం ఆ మనిషిదే. ఈ ఊరి పెద్దలు నాకు చెప్పినదాన్ని బట్టి, మీ ఊరి మైకుసెట్టు ఆయనకు కచ్చితమైన క్రమం ఉండేది. తెల్లవారుజామున ఘంటసాల వెంకటేశ్వరస్వామి పాటతో మొదలు. పందిరి నిండేదాకా పద్యాలు. భోజనాల వేళ 'మాయాబజార్'. మధ్యాహ్నం ఎండకు జనం వాలినప్పుడు జంట పాటలు. అప్పగింతలకు 'లవకుశ'. ఎవరు డబ్బులిచ్చి అడిగినా నడిచే ప్లేటు మధ్యలో ఎత్తేవాడు కాదట. హాలీవుడ్ ఎల్పీకి వరస కూర్చిన నిపుణుడు చేసిన పని ఇక్కడ ఒక పల్లెటూరి ఎలక్ట్రీషియన్ చేశాడు. తేడా ఏమిటంటే, ఆయన ముందు జనం ఉన్నారు. ముఖాలు చూసి వరస మార్చగలిగాడు. కథకుడు పోగొట్టుకున్న ఊ కొంతవరకు ఆయన దగ్గరికి వచ్చి చేరింది. చింతచెట్టు కొమ్మకు కట్టిన హారన్‌కు వాడల ఎల్లలు లేవు. గడీలో ఒకప్పుడు తలుపులు మూసి విన్న గొంతు ఊరవతలి ఇంటికీ అదే స్పష్టతతో వినిపించింది.

1977 'దానవీరశూర కర్ణ' మాటల రికార్డులు, తర్వాత క్యాసెట్లు వచ్చాక జనం పాటలే కాదు, కొండవీటి వెంకటకవి సంభాషణలను కూడా కంఠతా పట్టారు. 1980 'శంకరాభరణం' పాటలు మహదేవన్‌కు, బాలసుబ్రహ్మణ్యానికి, వాణీ జయరాంకు జాతీయ అవార్డులు తెచ్చాయి, కర్ణాటక సంగీతం ఊసెరగని టీకొట్లలో కూడా మోగాయి. క్యాసెట్టు వచ్చాక వరస మార్చడం కష్టమైంది. ఫోను వచ్చాక వరసే అక్కర్లేకుండా పోయింది. దాని గురించి ఎక్కువ చెప్పను, మీ అందరి జేబులో అది ఉంది.

ఒక్క సంగతి చెప్పి తీరాలి. ఇదే జిల్లా చిట్యాల మండలం చల్లగరిగలో పుట్టిన చంద్రబోస్ రాసిన పాటకు, 2023 మార్చిలో హాలీవుడ్ ఆస్కార్ ఇచ్చింది. ఆ పాటను తెలుగు జనం 2021 నవంబరులో విన్నారు. 'ఆర్ఆర్ఆర్' సినిమా 2022 మార్చి 25న వచ్చింది. నాలుగు నెలలకు పైగా అది తెర లేని పాట. స్వరకర్త ఎం.ఎం. కీరవాణి ఆ వేదిక మీద నిలబడి, తాను కార్పెంటర్స్ బృందం పాటలు వింటూ పెరిగానని చెప్పాడు. అమెరికా రికార్డు తెలుగు చెవిలోకి వచ్చి, తెలుగు పాటగా మళ్లీ అమెరికా వేదికకు వెళ్లింది. అక్కడ అది కొత్తగా కనిపించి ఉండవచ్చు. చెల్పూర్‌కు కొత్తేమీ కాదు.

చివరగా ఆయన ప్లేట్ల పెట్టె విషయం. ఊరి యువకులు దాన్ని గ్రంథాలయంలో ఉంచుదామనుకుంటున్నారని విన్నాను. మంచి ఆలోచన. ప్లేట్లను ఒకదాని మీద ఒకటి పేర్చకండి, నిలబెట్టి ఉంచండి. బరువుకు, ఎండకు లక్క వంగిపోతుంది. స్పిరిట్‌తో తుడవకండి, లక్క కరిగిపోతుంది. మెత్తటి పొడి బట్ట చాలు. 78 చుట్ల ప్లేటుకు ఎల్పీ ముల్లు పనికిరాదు, దాని గాడి వెడల్పు వేరు. నకలు తీసేటప్పుడు గీతల చప్పుడును పూర్తిగా తుడిచేయమని ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోకండి. ఆ చప్పుడుతో పాటు సుశీల గొంతులోని పై స్వరాలు కూడా పోతాయి. చట్టం సంగతి కూడా చూసుకోండి. 1963లో వెలువడిన ధ్వనిముద్రణ మీద హక్కు 60 ఏళ్లకు ముగిసింది గానీ, మాటల మీద, బాణీల మీద హక్కు వాటి కర్తలు పోయిన తర్వాత 60 ఏళ్ల వరకు ఉంటుంది. ఘంటసాల కన్నుమూసింది 1974లో.

వీటన్నిటికన్నా ముందు చేయవలసిన పని ఇంకొకటి ఉంది. అప్పగింతల వేళ ఏ ప్లేటు తర్వాత ఏ ప్లేటు పడేదో, ఏ వాడలో ఏది అడిగేవాళ్లో, దేన్ని మధ్యాహ్నం వేయనిచ్చేవాడు కాదో గుర్తున్నవాళ్లు ఈ సభలోనే ఉన్నారు. వాళ్ల దగ్గర కూర్చుని రాసుకోండి. ఆ కాగితాలు కూడా అదే పెట్టెలో ఉండాలి.